ఏడు లీవర్లు

మూడు రోజులాయె
ఈ గేమ్‌ల, ఆ దీవిల,
గేటు ముంగట్నే నిలబడ్డ.
గోడకు ఏడు లీవర్లు.
రాళ్ళమీది గీతలన్నీ
లెక్కల నోటు ఎనుక పేజీల దించుకున్న.
అన్ని తీర్ల గుంజి చూసిన.
ఆరోది పడితే రెండోది మొండికేస్తది.

కాజీపేటల వాన.
సోమిడి దిక్కంత కరెంటు పోయింది.
ఫ్యాను బంద్ పెట్టి
ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఒక్కటే నడుపుతున్న.

సర్వపిండి ఇచ్చిపోను వచ్చిన
సారంగపాణి పెద్దబాపు
గిన్నె పట్టుకొని అట్లనే ఆగిండు.
నొసటి మీది అద్దాలు కిందికి దించి
“ఇది కేబిన్ గద బిడ్డా” అన్నడు.

ముప్పై ఒక్క ఏండ్లు
జంక్షన్ల లీవర్లు గుంజిన భుజం.
ఇప్పటికీ ఎడమదానికన్న వేలెడు కిందికుంటది.

“గుంజుడు గాదు.
ఇచ్చిన సిగ్నల్ వాపసు తీసుకోనిది
పాయింటు కదలదు.
మొదటిది ఎనుకకు నూకు.”

మొదటిది!
దాన్ని మొన్ననే గెలిచిననుకొని
మళ్ళ ముట్టనే లేదు.

నూకిన.
రెండోది నూనె పోసినట్టు జారింది.
గేటు తెరుసుకున్నది.
అవతల నీలంరంగు గడ్డి, మూడు చందమామలు,
మనిషి జాడ లేని మెట్లు.
ఉరుకబోతుంటే
పెద్దబాపు నా భుజం మీద చెయ్యేసిండు.

“బండేది?”

“బండి ఉండదు పెద్దబాపు,
మనం లోపలికి పోవుడే.”

ఇననట్టే
తెర అంచు చీకట్లకు చూసుకుంట కూసున్నడు.
సర్వపిండి సల్లారింది.
నేనూ ఆగిన, ఎందుకో.

కొంచెం సేపటికి
ఇంటెనుక పట్టాలమీద నిజం బండే
కూత పెట్టుకుంట పోయింది.
కిటికీ అద్దాలు వణికినై.

పెద్దబాపు తల ఊపిండు.
“ఆఁ. ఇగ పో.”