సున్నాతో మొదలయ్యే క్లాసు

గణితం సున్నా తొంభై.
అంకె ముందు సున్నాకి విలువ లేదని
మూడో తరగతిలోనే చెప్తారు.
ఈ కాలేజీలో దానికి ఫీజుంది,
క్రెడిట్లే లేవు.

మంగళవారం సాయంత్రం ఆరున్నర.
కెంటకీ కొండల్లో అప్పటికే చీకటి.
వెర్లీన్ టాకెట్ చివరి బెంచీలో కూర్చుంటుంది
తలుపు పక్కనే,
లేచి పోవాల్సొస్తే ఎవరి కాళ్ళూ తగలకుండా.

నలభై ఏడేళ్ళు. గని మూసేదాకా
పదహారేళ్ళు కన్వేయర్ బెల్టుల రిపేరు.
ఇప్పుడు నర్సింగ్ చదవాలి.
ఇది గట్టెక్కితేనే అది.

ప్రవేశ పరీక్షలో పదకొండు మార్కులు.
ఎవరూ అడక్కముందే
తనే చెప్పేసింది అందరికీ.

బోర్డు మీద రాశాను:
మూడు బై ఎనిమిది, ఏడు బై పదహారు.
ఏది పెద్దది?
లవం, హారం, కసాగు...
సుద్దముక్కా అరిగింది, నా గొంతూ అరిగింది.
ముందు వరస కుర్రాడు
బల్ల కింద ఫోన్లో కాలిక్యులేటర్ వెతుకుతున్నాడు.

వెనక నుంచి, తలెత్తకుండానే:
"ఏడు బై పదహారే.
మూడు బై ఎనిమిది బోల్టుకి ఆ రెంచి వేసి చూడండి,
జారి, వేళ్ళ కణుపుల తోలు లేచిపోతుంది."
ఎంత తేడా?
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
కాస్త గాలిని పట్టుకుని చూపించింది.
"ఇంత."

సరిగ్గా అంతే. అంగుళంలో పదహారో వంతు.
కాగితం మీద పెట్టమంటే మాత్రం
పెన్సిలు కదల్లేదు.

ఆ కాస్త గాలికి ఎన్ని క్రెడిట్లని అడుగుదామంటే
ఆఫీసు అయిదింటికే మూసేశారు.

రాయండి, అన్నాను.
రాసింది. చెరిపింది. మళ్ళీ రాసి
రబ్బరు పొట్టు ఊదింది.