అటు పక్క కుర్చీ

షార్జాల లాండ్రీ మీది గది.
పదకొండు మందిమి ఆజాద్ వీసాలోళ్లం,
తలా వెయ్యి దిర్హాముల వాటా.
బోర్డు గంగనర్సు రాసిండు.
'ఏజెన్సీ'ల గుడిదీర్ఘం కాడ
వాని చెయ్యి ఆగింది.
ఆ మాటకే కదా రెండెకరాలు అమ్మింది.

పాత టేబులొకటి కొన్నం.
అటు పక్క ఎవ్వలు కూసుండరు.
టైల్సేసే ఖదీర్ నిలబడ్డడు,
వెల్డర్ బక్కన్న నిలబడ్డడు,
ఖాళీ కుర్చీల ఏసీ నీళ్లు
బొట్లు బొట్లు.

మోర్తాడు నుంచి ఫోను:
"అన్నా, వీసాకు ఎంత కట్టాలె?"

ఏం వద్దన్న.
"గిట్లనే అంటరు తియ్," అని
పిలగాడు పెట్టేసిండు.

మళ్ల మేమే చేసినం.
స్పీకర్ పెట్టి, ఒక్కొక్కలం
ఎవ్వలం ఎంత కట్టినమో చెప్పినం.
"లక్షా ఎనభై వేలు,
మిత్తి గాక" అనుకుంట
బక్కన్న
ఆ తడి కుర్చీలనే కూలబడ్డడు.