ఎడమ పెట్టె

గిరింపేటలో మూడో సందు, రంగు వెలిసిన నీలం గేటు.
తిరుపతి నించి మొదటి బస్సుకే వచ్చాను.
సంచిలో మల్టీమీటరు, టార్చిలైటు,
ఇరవయ్యేళ్లుగా రాసుకుంటున్న నోటుబుక్కు:
ఏ స్పీకరు ఏ ఏట పుట్టింది,
ఎన్ని జతలు రేవులో దిగాయి, ఎన్ని చెదలకు పోయాయి.
మనుషుల పుట్టినరోజులు మాత్రం గుర్తుండవు నాకు.

అంబుజవల్లమ్మ దుప్పటి లాగింది.
రెండు పెట్టెలు, గోడవారగా,
పంతులు నిలబెట్టిన పిల్లల్లా.
"ఆయన పోయి ఏడాదయింది. ఎంతిస్తారో చెప్పు నాయనా.
తగ్గించీ చెప్పొద్దు, పెంచీ చెప్పొద్దు.
మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో తూకం గుమాస్తా."

ముందు వాసన చూస్తాను. ఎవరికీ చెప్పని పద్ధతి.
పాత జిగురు, టేకు,
వాటి వెనక సన్నగా, ఆశ్చర్యంగా, బెల్లం.
"మద్రాసు వేలంలో కొన్నాడు, డెబ్బై తొమ్మిదిలో.
బెల్లం దించేసి ఖాళీగా తిరిగొచ్చే లారీలో
ఎక్కించుకోని వచ్చినాడు.
మూన్నెల్లు చీమలు, పాట వినేదానికి వచ్చినట్టు."
ముందరి గుడ్డకు ఇప్పటికీ చిన్న చిన్న చిల్లులు.
రాసుకున్నాను: గుడ్డ అసలుదే. చీమలు తిన్నాయి.
ధర తగ్గదు.

వెనక పలకకు ఎనిమిది మరలు,
ఒక్కదానికీ గాటు లేదు.
నలభై అయిదేళ్లుగా ఎవరూ తెరవని చీకటి
టార్చి వెలుగుకు కళ్లు చికిలించుకుంది.
అయస్కాంతం మీద సిరాముద్ర, నాలుగంకెలు.
రెండో పెట్టెలో దాని తర్వాతి అంకె.
కవలలు!
మొహంలో చూపలేదు.
విలువ కట్టేవాడి మొహం
సున్నా మీద నిలిచిన ముల్లు.

కాగితపు కోను చిరగలేదు.
అంచు నురగది కాదు, గుడ్డది, అందుకే బతికింది.
ఓములు కొలిచాను. ఆరున్నర, ఆరున్నర.
అన్నీ బాగున్నాయి.
అన్నీ బాగున్న చోట నాకు నిద్రపట్టదు.

"ఆయనకు మాత్రం బాగుండేది కాదు," అంది ఆమె.
"పాట గోడలెంబడి తిరుగుతాదే గానీ
నడిమికి రాదే, అనేవాడు.
కుర్చీ ఇట్లా జరిపి, అట్లా జరిపి,
నేల మీద సుద్దతో గీతలు గీసి...
రాయవేలూరికి పోయి చెవి డాక్టరుకు కూడా చూపించుకున్నాడు.
నేనే అనేసినా ఒకనాడు,
తూకం తప్పింది పెట్టెలకు కాదు, నీ చెవికి అని."

టార్చిలోంచి బ్యాటరీ తీశాను.
కుడి పెట్టె తీగలకు తాకిస్తే
కోను ముందుకొచ్చింది, రండి అన్నట్టు.
ఎడమదానికి అట్లే, అవే గుర్తులకు తాకిస్తే
వెనక్కి తగ్గింది.

సముద్రం అవతల, ఏదో మధ్యాహ్నం,
కునికిపాటు పడ్డ చెయ్యి ఒకటి
ఎర్ర తీగను నల్లదాని చోట అతికింది.
కంపెనీ అతుకు. దాన్ని కరిగిస్తే
ధరలో మూడోవంతు కరుగుతుంది.
ముట్టుకోలేదు.
బయటి తీగలే తిరగేశాను.

రేడియో పెట్టమన్నాను.
ఎవరో మార్కెట్టు ధరలు చదువుతున్నారు.
చిత్తూరు మండీ, నల్ల బెల్లం, క్వింటాలు,
కనిష్ఠం, గరిష్ఠం...
ఆ గొంతు గోడలను వదిలి
రెండు పెట్టెల నడుమ, ఏమీ లేని చోట,
చెప్పులు విడిచి లోపలికొచ్చిన మనిషిలా
నిలబడింది.

సుద్దగీతలు ఏనాడో కడుగులో పోయాయి. కుర్చీ లేదు.
ఆమె వెదుక్కోకుండా వెళ్లి
నేల మీద ఒకచోట కూర్చుంది.
ధరలన్నీ వింది. టమోటా దాకా.

ఇక అమ్మదనుకున్నాను, నోటుబుక్కు మూశాను.
"మూస్తావేమి? ధర చెప్పు," అంది.
"ఆయన చెవి బాగుండిందని తెలిసె.
నాకు పాటలతో ఏం పని?"

చెప్పాను, తూకం గుమాస్తా ఇంట్లో చెప్పాల్సినట్టే.
కాగితం అడుగున కొనేవాడికి ఒక మాట రాశాను:
ఎడమ పెట్టెకు తీగలు తిరగేసి తగిలించండి.
ఆమె కళ్లద్దాలు పైటతో తుడుచుకుని చదివి
నా చేతిలో పెన్ను తీసుకుని
కింద ఇంకో వరస చేర్చింది:

డాక్టరు దగ్గరికి పోవద్దండి.