ఫ్రిజ్ మోసుకెళ్లిన దారి

మాల్టాహోహె దాటేసరికి బారెడు పొద్దెక్కింది.
ట్రక్కు వెనక తాళ్లతో కట్టిన పాత ఫ్రిజ్,
ముందు నేనూ, తమ్ముడు యోవాసూ,
మా మధ్య ఒక రొట్టె,
కోలా సీసాలో పట్టుకున్న కుళాయి నీళ్లు.

ఆవుస్‌లో మా వదిన కొట్టు పెట్టింది.
చల్లటి సీసాలు అమ్ముతుందట.
కరెంటు దాని దగ్గరుంది,
చల్లదనం మేం పట్టుకెళ్లాలి.

రోడ్డంటే తారు కాదు, కంకర.
అడ్డంగా ముడతలు, నుదుటి మీద పడ్డట్టు.
నలభైలో పోతే ఎముకలు లెక్కపెడుతుంది,
ఎనభైలో పోతే లెక్క తప్పి వదిలేస్తుంది.
యోవాస్ ఎనభైలోనే తోలతాడు.
వాడికి చిన్నప్పట్నుంచీ లెక్కలంటే భయం.

టెలిఫోన్ స్తంభాల మీద
గడ్డివాములెక్కి కూర్చున్నట్టు గిజిగాళ్ల గూళ్లు.
వంద గుమ్మాలు, ఒకటే కప్పు.
చుట్టూ ఇంత ఖాళీ పెట్టుకుని
అంత ఇరుకులో ఎందుకు కాపురం చేస్తాయో!
అనుకుంటూనే చూశాను,
నా భుజం వాడి భుజానికి రాసుకుంటోంది.
జరగడానికి చోటుంది. జరగలేదు.

మధ్యాహ్నం దాటాక దూరంగా దుమ్ము లేచింది.
ఈ దారిలో దుమ్మంటే మనిషి.
పది నిమిషాలు చూశాం, ఇంకో పది చూశాం,
ఎదురు రాదు, వదిలి పోదు,
నేలకి పుట్టిన చిన్న జ్వరంలా
అక్కడే ఉంది.

పసుపుపచ్చ గ్రేడర్.
దాని వెనక తాడేసి లాగినట్టు ఒక రేకు గది,
కిటికీకి పూల గుడ్డ,
గది వెనక నీళ్ల ట్యాంకీ,
ట్యాంకీ మీద గంపలో ఒక కోడి,
ఊరు మొత్తం అంతే.

ఇంజను ఆపి దిగాడు పెట్రూస్ గరిసెబ్.
ఇరవై రెండేళ్లుగా
ఈ నూట పది కిలోమీటర్ల తల దువ్వుతున్నాడు.
ఆ చివరికి చేరేలోగా
ఈ చివర మళ్లీ చిక్కు పడుతుందట.
"ఎనభైలో పోయేవాళ్లు చల్లగా ఉండాలి,
నా జీతం వాళ్లే ఇస్తున్నారు" అన్నాడు
యోవాస్ వైపు చూడకుండా.

టీ కాచాడు. అడక్కుండానే మూడు చెంచాల చక్కెర.
గ్లాసు పట్టుకునే వెళ్లి ఫ్రిజ్ తలుపు తీశాడు.
లోపల, మూడు అరల మీదా ఎర్రటి ఇసుక
ఎవరో సర్దిపెట్టినట్టు,
గుడ్లు పెట్టే గుంటల్లో గుంటకో గుప్పెడు.

యోవాస్ బూతులు తిట్టాడు. నాకు నవ్వాగలేదు.
పెట్రూస్ మాత్రం టోపీ తీశాడు,
ఎవరింటికో వచ్చినవాడిలా.
"దీంట్లో దీపం వెలుగుతుందా?"

మారియెంటాల్‌లో ఇల్లున్న రోజుల్లో
ఎల్ఫ్రీడా రాత్రిళ్లు లేచి తలుపు తీసేదట,
ఆకలేసి కాదు,
కాసేపు ఆ వెలుగులో నిలబడ్డానికి.
ఆ తర్వాత ఆవిడ సంగతి ఆయన చెప్పలేదు.
మేం అడగలేదు.

ఇసుక దులపబోతే కేకేశాడు:
"నా రోడ్డు మీద కాదు!"
నలుగురు అడుగుల దూరం మోసుకెళ్లి పోశాం,
ఎడారిలో ఇసుక ఎక్కడ పొయ్యాలో వెతుక్కుంటూ.

చీకటి పడ్డాక జనరేటరు లాగాడు.
వైరు చాలలేదు, ట్రక్కు వెనక్కి జరిపాం.
దీపం వెలిగింది.
మనిషంత ఎత్తు తెల్లటి వెలుగు,
నాలుగు దిక్కులా ఏమీ లేదు,
దాని ముందు ముగ్గురం,
ఏదో తీసుకుందామని వచ్చి
మర్చిపోయినవాళ్లలా.

కోడి ఒకసారి కూసింది, తెల్లారిందనుకుని.

పెట్రూస్ లోపలికెళ్లి ఒక టమాటా తెచ్చాడు.
పై అరలో, సరిగ్గా మధ్యన పెట్టి
తలుపు మెల్లగా మూశాడు.
"మీ వదినకి" అన్నాడు.

అక్కణ్నుంచి ఆయన దువ్వి వచ్చిన దారి.
హెడ్‌లైట్ల కింద ఒక్క ముడత లేదు.
ఫ్రిజ్ వెనక మాట్లాడ్డం మానేసింది.
ఇప్పుడు వంద కూడా పోవచ్చు.
యోవాస్ ముప్ఫైకి దించాడు,
అప్పుడే తుడిచిన గచ్చు మీద
చెప్పులు చేత్తో పట్టుకుని
మునివేళ్ల మీద నడిచే పిల్లాడిలా.