నెమ్మది టెర్మినళ్ళ కోసం

ఔలు పట్టణంలో ఫిబ్రవరి.
గడ్డకట్టిన నది మీద సైకిళ్ళు పోతున్నాయి.
నేను కిటికీ పక్కన కూర్చుని
ఒక పాత ఎడిటర్ మాన్యువల్ దులుపుతున్నాను.

దులపడమంటే దులపడమే.
"ఫైలు తెరవబడును" అని ఉన్నచోట
"ఫైలు తెరుస్తుంది" అని మార్చడం.
ముప్పై ఏళ్ళుగా ఈ పేజీలో
అన్నీ చేయబడుతూనే ఉన్నాయి,
చేసేవాడు మాత్రం ఎక్కడా కనబడడు.

చిన్న ఆర్ అంటే పోయిన ఫైలును వెనక్కి తేవడం,
పెద్ద ఆర్ అంటే చూడ్డమే, చెయ్యి పెట్టకూడదు.
ఎవరో రెండిటినీ ఒకే పేరాలో కుక్కారు,
ఇరుకు వంటగదిలో తోడికోడళ్ళలా.
వేరు పెట్టాను.

ఉదాహరణలో ఒక అడ్డగీత పొడుగైపోయింది.
ఏ వర్డ్ ప్రాసెసరో ముద్దు చేసి సాగదీసి ఉంటుంది.
దాన్నలాగే కాపీ చేసి కొడితే
ఎడిటర్ ఆప్షన్ అనుకోదు,
ఆ పేరుతో కొత్త ఫైలు తెరిచి కూర్చుంటుంది.
ఎంతమంది డిస్కుల్లో పడి ఉన్నాయో
ఆ అనాథ ఫైళ్ళు, సున్నా బైట్లతో.

"ఇవి కూడా చూడండి" కింద నాలుగు పేర్లు.
వాటిలో మూడు ఇప్పుడు ఎక్కడా చూడ్డానికి లేవు.

అక్షర క్రమంలో పేర్చుకుంటూ వస్తే
చివర్లో తగిలింది చిన్న డబ్ల్యూ.
"నెమ్మది టెర్మినళ్ళ కోసం ఉపయోగించబడును."
అంతే.
నెమ్మది టెర్మినల్ ఇప్పుడెక్కడుంది?
మ్యూజియంలో అద్దం వెనక, కరెంటు లేకుండా.
కొట్టేద్దామని వేలు పెట్టాను.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది,
కొట్టేసే ముందు రాసినవాణ్ణి అడగాలి.
మార్పుల చరిత్ర అడుగుదాకా తవ్వితే
తావెత్తి కూస్మనెన్, కయానీ.

ఫోన్ ఆయన భార్య ఇంపి ఎత్తింది.
లేరు, తొమ్మిదేళ్ళయింది అంది,
ఇవాళ చలి ఎంతో చెప్పినట్టు.
సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.
మా వైపు అలా అయితే లైను తెగినట్టు కాదు.
తర్వాత,
"టెర్మినల్ నెమ్మదేమిటి," అంది,
"పడవ అమ్మి మరీ కొత్తది కొన్నాం.
నెమ్మది ఆయన ఎడమ చెయ్యి.
కోత మిల్లు రంపం మూడు వేళ్ళు తీసుకుంది.
ఎస్కేప్ నొక్కి, ఆ చేతిని ఎత్తి,
ఇంకో కీ దగ్గరికి మోసుకెళ్ళేసరికి
మీ ఎడిటర్‌కి ఓపిక అయిపోయేది.
అలా అని రాయడానికి ఆయనకు సిగ్గు."

నెపం టెర్మినల్ మీదకు నెట్టేశాడన్నమాట.
అది మారుమాట్లాడకుండా మోసింది ఇన్నేళ్ళూ.

ఆ రాత్రంతా ఒక్క వాక్యం.
"నెమ్మదిగా టైపు చేసేవారికి" అని రాశాను.
కొట్టేశాను. ఆయన నెమ్మది కాదు,
కీకీ కీకీ మధ్య దూరం ఎక్కువ, అంతే.
"వేళ్ళు లేనివారికి"... ఛ.
చివరికి ఎవరికి అన్నదే తీసేశాను.
ఏం చేస్తుందో చెబితే చాలు,
కావలసినవాళ్ళు వాళ్ళే గుర్తుపడతారు:
"ఎస్కేప్ తర్వాత రెండో కీ కోసం
ఎంతసేపైనా ఆగుతుంది"

రాసింది నిజమో కాదో చూడాలి కదా.
డబ్ల్యూతో ఎడిటర్ తెరిచి ఎస్కేప్ నొక్కాను.
లేచి కాఫీ పెట్టుకున్నాను.
యాలకుల బన్ను సగం తిన్నాను.
మంచు నెట్టే బండి వీధి చివరిదాకా వెళ్ళి
నారింజ దీపం తిప్పుకుంటూ మళ్ళీ వచ్చింది.
అప్పుడు వచ్చి రెండో కీ నొక్కాను.
సేవ్ చేసింది,
మధ్యలో ఏమీ జరగనట్టు.

ప్యాచ్ పంపాను.
పొద్దున్నే తంపెరె నుంచి అర్వో జవాబు, ఒకే లైను:
"డబ్ల్యూ దగ్గర చివర ఫుల్‌స్టాప్ లేదు."
నిజమే, లేదు.
కాసేపు అలాగే ఉంచి
పెట్టాను.