పదకొండు గోలీలు

సీస బోర్లించి లెక్కబెట్టిన. పదకొండు.
వరంగల్ బస్సులు బందైనసంది
ఎన్నిసార్లు లెక్కబెట్టినా ఒక్కటి పెరుగది.
భీవండి మగ్గాలకాడ చిక్కుకున్న మా ఆయన సీసల
ఎన్నున్నయో, ఫోన్ల అడగరాదు,
పక్కన పదిమంది.

ఏడో నెల.
రాత్రి తొమ్మిదింటికి, గోలీ యాళ్లకు,
లోపలిది తంతది.

ఊరంతా మూతికి గుడ్డ కడితే నవ్వొచ్చింది.
నేను కట్టుకొని రెండేండ్లాయె,
ఎవ్వలికి కనబడలే.

ఏఆర్టీ సెంటర్ సరోజనక్క స్కూటీ
వాకిట్ల ఆగింది.
"రక్తం గోలీలు పిల్లా, బలానికి!"
మా అత్తకు వినబడేటట్టు ఒర్రింది.
పరకాల చౌరస్తల పోలీసులకు థైరాయిడ్ అన్నదట.
సీస మీది పేరును ముందే గోటితోని గీకింది.
మూడబద్ధాలు దాటుకొని
అరవై గోలీలు నా కొంగుల వడ్డయి.

మెల్లగ అడిగిన:
"కాన్పునాడు నన్ను ముట్టుకుంటరా అక్కా?"

మాస్కు కింద ఏం నవ్విందో,
"ఇప్పుడు ఎవ్వలినైనా
తొడుగులేసుకొనే ముడుతున్నరు బిడ్డా,
నువ్వొక్కదానివే కాదు."

సీస నిండింది.
తొమ్మిదింటికి ఇంకా గంటన్నరుంది.
ఇయ్యాల ముందే తన్నింది.