నుదుటి రాత, ఆరో విడత

బత్నా ఊళ్లో, మందుల షాపు మీద రెండో అంతస్తు.
కిటికీలోంచి ఓరెస్ కొండలు, మంచు ఇంకా దిగలేదు.
మోచేతుల దాకా కడుక్కుని
గ్లవ్స్ పొట్లం ఆమె ఎదుటే చింపుతాను.
ఎదుటే చింపాలని నాకు నేను పెట్టుకున్న నియమం.

పేరు అడిగాను. హద్దా, అంది.
ఐదోసారీ ఆడపిల్లే పుడితే
ఇక చాలు, ఇదే హద్దు అని పెట్టారట.
ఆ తర్వాత ఇంకో ఇద్దరు చెల్లెళ్లు పుట్టారు.
చెప్పి నవ్వింది.
గడ్డం మీది పచ్చ ఈతమట్ట
ముడతల్లోకి పోయి మళ్లీ బయటికొచ్చింది.

డెబ్బై నాలుగేళ్లు. హజ్ లాటరీలో పేరొచ్చింది.
నుదుటి నాలుగు చుక్కలూ పోవాలి, గడ్డం పోవాలి.
ఎవరు పొడిచారమ్మా?
సంత రోజున వచ్చే మనిషి.
దీపం మసి, బాలింత పాలు, ఒకటే సూది.
ఆ రోజు ఎంతమందికి?
వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. పద్నాలుగు.
సూది కడిగేదా?
పైట చెంగుకి తుడిచేది.

ఫారంలో ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.
ముందు రక్తపరీక్ష, అని రాశాను.
వారం ఆగాం. కామెర్ల వైరస్ లేదు.
మిగతా పదముగ్గురి సంగతి అడిగే గడి
మా ఫారంలో లేదు.

చెంప మీద నాణెమంత తెల్ల మచ్చ.
పోయినేడు పొరుగామె తెచ్చిచ్చిన ఆమ్లం.
సిరా పోయింది, దాంతోపాటు చెంపా పోయింది.
నెలకి ముగ్గురైనా వస్తారు ఇలా,
సున్నం పూసుకున్నవాళ్లు, ఉప్పురాయితో రుద్దుకున్నవాళ్లు,
ఒక పిల్లయితే ఇస్త్రీపెట్టె...
వద్దు, అది రాయను.

అంగీకారపత్రం చదివి వినిపించాను, షావియాలో.
వేలిముద్ర వేసి బొటనవేలు చూసుకుంది.
ఈ నీలం సబ్బుతో పోతుందిగా?
పోతుంది.
ఏడేళ్లప్పుడు నన్నెవరూ అడగలేదు, అంది. కాగితమూ లేదు.

కళ్ల మీద కవచాలు. చల్లటి గాలి గొట్టం.
లేజర్ చిటుక్కుమంది,
కాగే నూనెలో నీటిచుక్క పడ్డట్టు.
పచ్చ చుక్క తెల్లగా పొంగి
ఇరవై నిమిషాల్లో సద్దుమణిగింది.

ఇప్పుడిది ఎక్కడికి పోతుంది?
నలిగి ముక్కలవుతుంది.
ఒంట్లో కాపలావాళ్లున్నారు, కొంచెం కొంచెంగా మోసుకుపోతారు.
ఎక్కడికి?
కొంత బయటికి.
కొంత మెడ పక్క బిళ్లల్లో ఉండిపోతుంది, ఎప్పటికీ.
చాలాసేపు మెడ తడుముకుంది.
అయితే దాచుకున్నట్టే, అంది.

పొక్కు లేస్తే చిదపకు. చెక్కు కడితే గిల్లకు.
ఎండలోకి వెళ్తే ముసుగు ముందుకి లాక్కో.
మళ్లీ ఎనిమిది వారాలకే రా.
తొందరపడితే చర్మం ఊరుకోదు.
మేకలు కాచినదాన్ని,
ఆగడం నాకు నేర్పుతావా, అంది.

నుదుటి రాతను ఎవరూ తుడవలేరంటారు.
మేం తుడుస్తాం.
విడతకి నాలుగు వేల దీనార్లు, రసీదు ఇస్తాం.
తుడిచే దాంట్లో మా డాక్టరు గారి పనే ఎక్కువ.
చేతులు కడుక్కునే దాంట్లో నాది.

ఏడాది తిరిగింది. రిజిస్టరులో రాశాను:
ఆరో విడత. నుదురు, పూర్తి. గడ్డం, పూర్తి.
చెంప మచ్చ, మనది కాదు.

అద్దం ఇవ్వడానికి జంకాను.
పచ్చ పోయిన చోట
అరవై ఏడేళ్లుగా ఎండ ఎరగని చర్మం
లేతగా, అదే ఈతమట్ట ఆకారంలో.
ఆరేడు నెలల్లో కలిసిపోతుందమ్మా, అన్నాను,
తప్పు చేసి దొరికినదానిలా.

ఆమె అద్దాన్ని దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది.
పోనీలే, దానికేం తొందర, అంది.

ఆఖరి కాగితం మీద వేలిముద్ర వేసి
సింకు దగ్గరికి నడిచింది.
రెండుసార్లు సబ్బు పెట్టి, బొటనవేలు రుద్దుకుంటోంది.
గోరు మూల ఇంకా కాస్త నీలం ఉంది.